బరువైన ట్రాన్స్‌ఫార్మరు

తవిటయ్యకి కరెంటంటే భయం. ఖరగ్‌పూర్ రైల్వే వర్కుషాపులో మోటార్లకి తీగ చుట్టడం అతని పని. వంటవాడికి పొయ్యంటే భయమున్నట్టే ఉందని తోటివాళ్లు ఆటపట్టించేవారు. వాళ్లకేం, ఎన్నైనా అంటారు. దేముడనే తన నాన్న తడి కాళ్లతో స్విచ్చు ముట్టుకుని పడి ప్రాణం వదలడం కళ్లారా చూసినవాడు తవిటయ్య.

అయినా పాటలంటే ప్రాణం. పందొమ్మిది వందల అరవైల్లో ఓ ఏడు పోలమ్మ అమ్మవారి పండక్కి పేటంతా వినాలని ఇంట్లోనే వాల్వుల ఆంప్లిఫయరు కట్టాడు. ఆఖరున ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మిగిలింది. లోపల ప్రాణం తీసే కరెంటుకీ, బయట జనం మధ్య నడిచే స్పీకరు తీగకీ అడ్డు అదొక్కటే. గోల్‌బజారు దుకాణంలో కొత్తదొకటి ఉంది, చిన్నది, తేలిక. పాత సామాన్లలో ఒకే రకానివి రెండున్నాయి, ఎత్తితే చెయ్యి కిందికి లాగేసేంత బరువు. వర్కుషాపు మనిషికి బరువున్నదే సరుకు. ఆ పాత జంటనే తెచ్చి ఒకటి బిగించాడు, రెండోది అక్కరకొస్తుందని దాచాడు. పాటగాడు గుమ్మంలో నిలబడి పాడినట్టే వినిపించింది. భార్య జోగమ్మ మురిసిపోయింది.

పండగనాటి పొద్దున భయం పట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు ముర్రాటలు తెస్తారు. పసుపు నీళ్ల కుండలు నెత్తిన పెట్టుకొచ్చి అమ్మవారి ముందు కుమ్మరిస్తారు. అక్కడే పాతిన రైలు పట్టా ముక్కకి లౌడ్‌స్పీకరు కట్టాడు. నేలంతా తడి, అందరివీ వట్టి కాళ్లు. ట్రాన్స్‌ఫార్మరు లోపల తీగల మధ్య అడ్డుండే కాగితం చీకిపోయి ఉంటే? కరెంటు స్పీకరు తీగ వెంట ఆ పట్టాలోకి దిగుతుంది. అది తేల్చే మెగ్గరు వర్కుషాపులో ఉంది. బిగించింది విప్పే వ్యవధి లేక రెండోదాన్ని టిఫిను క్యారియరు అడుగున పెట్టుకెళ్లాడు. సొంతమే అయినా, లోపలికెళ్లిన ఇనుము చీటీ లేకుండా గేటు దాటదు. దొరికితే దొంగతనమే. ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది.

ఎవరూ చూడకుండా మెగ్గరు పిడి తిప్పాడు. ముల్లు సున్నా మీదికి పడిపోయింది, లోపల అడ్డు లేనట్టే. మళ్లీ తిప్పినా లేవలేదు. ఇదే ఇలా ఉంటే దీని జంట ఎలా ఉంటుంది? గోడ అవతల డప్పులు మొదలయ్యాయి. ఆ ఏడు మొదటి ముర్రాట జోగమ్మది.

తవిటయ్య ట్రాన్స్‌ఫార్మరుని మెగ్గరు నుంచి విప్పేశాడు. దాన్ని తీసుకెళ్లి ఫోర్‌మన్ భీమశంకరం బల్ల మీద పెట్టాడు.

“ఇది నాదే సార్. సాటుగా తెచ్చినాను, మన మెగ్గరుతో సూసినాను. దీని జంట పండగ కాడ మోగతంది. నన్నొగ్గీండి సార్, ఎల్లాలి.”

భీమశంకరం అతని మొహం చూసి అవుట్‌పాసు మీద సంతకం పెట్టాడు. “ఇది పైకి రాయక తప్పదు తవిటయ్యా. ముందు నువ్వెళ్లు.”

పరిగెత్తాడు. దగ్గరయ్యేకొద్దీ పాట వెనక జుమ్మని రొద వినిపించింది. బిగించిన రోజు అది లేదు.

“జోగీ, ఆగే!”

డప్పుల హోరులో ఆమెకి వినపడలేదు. తడిసిన చీరతో, కుండ దించడానికి ఆసరాగా పట్టా ముక్క మీదికి చెయ్యి చాపుతోంది. తవిటయ్య పందిట్లోకి దూకి ప్లగ్గు పీకేశాడు.

పాట ఆగేసరికి జనం తిట్టిపోశారు. అందర్నీ దూరం జరిపి, మళ్లీ కరెంటిచ్చి, టెస్టరు పట్టా ముక్కకి ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

“ఏటది?” అంది జోగమ్మ.

“నిన్ను ఒట్టుకెల్లిపోడానికొచ్చింది,” అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఉద్యోగం నిలిచింది గానీ ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపేశారు. మరుసటి ఏడు ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మరే పెట్టాడు. పాట దోమ రొదలా ఉందని పేటంతా గొణిగింది.

“ఇనపడకపోతే దగ్గిరికొచ్చి ఇనండి,” అన్నాడు.

అదీ మెగ్గరుతో పరీక్షించుకున్నదే, ఈసారి గేటు చీటీ రాయించుకుని మరీ. అయినా భయం పోలేదు. బతికినన్నాళ్లూ ప్రతి పండక్కీ ముర్రాటలు రాకముందే పాట పెట్టి, కాళ్ల మీద నీళ్లు పోసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఆ పట్టా ముక్కని ముందు తానే పట్టుకునేవాడు.