సగం రిమోట్

మధ్యాహ్నం రెండయ్యేసరికి జగ్గయ్యపేటలో మా ఇంట్లో అడవి మొలిచేది. తలుపులు మూసి, కిటికీకి పాత చీర కట్టి, టీవీ పెడితే గోడలన్నీ ఆకుపచ్చగా అయిపోయేవి. ఆ అడవిలో వేలెడంత సైనికుడు ఒకడు తుపాకీ పట్టుకుని పరుగెత్తేవాడు. వాణ్ణి నడిపించేది మా అక్క. కాల్చేది నేను.

ఎందుకంటే మాకున్న రిమోట్ ఒక్కటే. సిమెంటు లారీ నడిపే మా నాన్న మద్రాసు నుంచి ఆ వీడియో గేమ్ తెచ్చినప్పుడు రెండుండేవి. రెండోదాని తీగ ఎలుక కొరికేసింది. మిగిలినదాన్ని ఇద్దరం పంచుకున్నాం. ఎడమవైపు ప్లస్ గుర్తు అక్కది, కాల్చడానికీ దూకడానికీ ఉన్న కుడివైపు బటన్లు నావి. ఆ ఆట ఒక్కరే ఆడేదని మాకెవరూ చెప్పలేదు. ఊళ్ళో పిల్లలందరూ ఇలాగే పక్కపక్కన కూర్చుని చెరో సగం పట్టుకుంటారని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

ముందు ఆ సైనికులు కొట్లో అమ్మే బొమ్మలు. తర్వాత ఆ బొమ్మల మీదే ఆట తయారుచేశారు. నాకూ ఒక బొమ్మ ఉండేది. లోపలి రబ్బరు తెగి అది నడుం దగ్గర రెండు ముక్కలైతే అక్క తన జడ రబ్బరు తీసి కట్టింది. ఆటలో ముగ్గుర్ని ఎంచుకుని పంపాలి. ఒకడికి దెబ్బలెక్కువ తగిలితే వాణ్ణి వెనక్కి పిలిచి ఇంకొకణ్ణి దించొచ్చు. ఎవరిని ఎప్పుడు మార్చాలో అక్కే చెప్పేది. "పాపం వాడు అలిసిపోయాడ్రా, కాసేపు కూర్చోనీ" అనేది. నాకేమో తూటాలన్నీ అయిపోయేదాకా కాల్చాలని ఉండేది. కోపం నాకు పుట్టినప్పటినుంచీ ముక్కు మీదే ఉంది.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాన్న లారీతో ఏ ఊళ్ళో ఉండేవాడో తెలిసేది కాదు. అమ్మ నర్సు, సెలవుల్లో కూడా డ్యూటీయే. నాకు నీళ్ళు పోసింది, అన్నం కలిపి పెట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది అక్కే. అదంతా నాకు మసక మసగ్గా గుర్తు. బాగా గుర్తున్నది ఆ అడవే. అడాప్టర్ వేడెక్కితే కాలిపోతుందేమోనని అక్క కుడిచేత్తో విసనకర్ర విసురుతూ ఎడమచేత్తో సైనికుణ్ణి నడిపించేది. ఆ గాలి నాకూ తగిలేది. బయట వేపాకుల మీద తెల్లటి సున్నపురాయి దుమ్ము, దూరంగా క్వారీలో పేలుళ్ళు. ఆ పేలుడు టీవీలోదో, కొండ దగ్గరదో తెలియక కళ్ళు మూతలు పడేవి. నిద్రలో కూడా నా కుడి బొటనవేలు కదులుతూనే ఉండేదట. అక్క చెప్పి నవ్వేది.

అలాంటి అక్కని నేను ఒక మాట అన్నాను.

రెండేళ్ళ కిందట అక్క కూతురు తనకి నచ్చిన అబ్బాయిని వేదాద్రి గుళ్ళో పెళ్ళి చేసుకుంది. అబ్బాయి మావాళ్ళు కాదు. అక్కకీ బావకీ లేని బాధ నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. భోజనాల దగ్గర, అటువాళ్ళూ ఇటువాళ్ళూ వింటుండగా, "నీ పెంపకం ఇలా ఏడిసింది!" అనేశాను. అక్క చేతిలో సాంబారు బకెట్టు ఉంది. వడ్డించుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి నాతో మాటల్లేవు. నేనుండే నందిగామ నుంచి అక్క ఉండే జగ్గయ్యపేట ఎంత దూరం గనక? బస్సెక్కి ఒక కునుకు తీస్తే దిగిపోవచ్చు. రెండేళ్ళు ఎక్కలేదు నేను. పొగరు, ఇంకేం కాదు.

మొన్న వేసవిలో పాత ఆటలన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారని ఫోన్లో చూసి తెప్పించుకున్నాను. ఎన్ని వందల ఆటలో! వెతగ్గా వెతగ్గా మా అడవి దొరికింది. అదే పాట, అదే ఆకుపచ్చ. రిమోట్ రెండు చేతులా పట్టుకున్నాను. కుడి వేలు దానంతటదే మొదలుపెట్టింది. ఎడమ వేలు మాత్రం మొద్దులా పడి ఉంది. కాల్చేటప్పుడు నడవడం, నడిచేటప్పుడు కాల్చడం మర్చిపోతున్నాను. వెనక నిలబడ్డ మా ఆవిడ పగలబడి నవ్వింది. "ఇదేంటండీ, ఒక్కచోటే నిలబడి చెట్లని కాలుస్తున్నారు?" నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. నాకు మా అక్క కావాలి. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఆదివారం డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కాను. అక్క తలుపు తీసింది.

"రండి, కూర్చోండి. మంచినీళ్ళు తెస్తా," అంది.

తమ్ముణ్ణి, నన్ను, రండి అంది! చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. బావ డ్యూటీలో ఉన్నాడు. అక్క నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా గోంగూర ఒలవడానికి కూర్చుంది. సంచిలోంచి డబ్బా తీసి టీవీకి తగిలించాను. పాట మొదలైంది. అక్క చేతిలో కాడ అలాగే ఆగిపోయింది. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని, వచ్చి నాకు ఎడమపక్కన కూర్చుంది. రిమోట్‌లో సగం పట్టుకుంది.

ఎంతసేపు ఆడామో తెలియదు. అడవి దాటాం, వాగు దాటాం. ఇద్దరి భుజాలూ ఆనుకుని ఉన్నాయి. సైనికుడు ఒకే మనిషి నడుపుతున్నట్టు సాఫీగా పోతున్నాడు. నాకు మళ్ళీ ఆ మధ్యాహ్నపు మత్తు కమ్ముతోంది.

"దూకరా! దూకు, దూకు, చస్తాం!" అని అరిచింది అక్క.

రా అంది. అక్కకీ తెలిసిపోయింది తను నోరు జారిందని. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, మెల్లగా అడిగింది.

"నా పెంపకం ఏడిసిందన్నావే, నిన్నెవరు పెంచార్రా?"

నా వేలు బటన్ మీంచి జారిపోయింది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకా సంగతి తట్టలేదంటే నమ్ముతారా? ఛీ, ఏం బతుకు నాది.

"తప్పయిపోయిందక్కా."

"నాతో అంటే ఏం లాభం? దానికి ఫోన్ చెయ్యి."

చేశాను. "మామయ్యా?" అంది మేనకోడలు, నమ్మలేనట్టు.

"ఆ రోజు మీ అమ్మని అనకూడని మాట అన్నానమ్మా. నీకూ మీ అమ్మకీ తలవంపులు తెచ్చా. తప్పు నాదే."

అటువైపు ఎవరితోనో ఏదో చెప్పి, మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"మామయ్యా, మా అత్తగారూ మామగారూ ఇక్కడే ఉన్నారు. స్పీకర్ పెడుతున్నా. ఆ రోజు వీళ్ళందరి ముందూ అన్నావుగా, ఇప్పుడూ వీళ్ళ ముందే చెప్పు."

చెవులు భగ్గుమన్నాయి. ఫోన్ విసిరికొట్టాలనిపించింది, అబద్ధమెందుకు. పక్కన అక్క నా వైపు తిరిగి కూర్చుంది.

"నమస్కారమండీ," అన్నాను. "మీ కోడల్ని పెంచింది మా అక్క. నన్ను పెంచిందీ మా అక్కే. ఆవిడ పెంపకానికి వంక పెట్టడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదండి. క్షమించండి."

"అయ్యో, అదెప్పుడో మర్చిపోయామండి," అంది అవతల పెద్దావిడ.

మా అక్క మర్చిపోలేదు. రిమోట్ ఒళ్ళో పడేసుకుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.