కనిగిరి పియానోకు నలభై సీసపు గుండ్లు

ఒకే రోజు, ఒకే టపాలో, కనిగిరి నుంచి నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది అక్కడి మిషను బడి పంతులమ్మ కరుణమ్మగారు రాసింది. ‘మా మిషను గుడిలో పియానో మెట్లు రానురాను బరువెక్కిపోతున్నాయి. కీళ్ళవాతంతో నా వేళ్ళు వాటిని నొక్కలేకపోతున్నాయి. మెట్లు తేలిక చేయగలరా?’ రెండోది సంఘపెద్ద ప్రసాదరావుగారిది. ‘మీరు వచ్చి చూసి, ఇక లాభం లేదని ఒక్కమాట చెబితే చాలు. పియానో చెక్కతో బల్లలు చేయించుకుంటాం. మీ దగ్గరే మంచి హార్మోనియం కొంటాం.’

బ్రాడీపేటలో నాది హార్మోనియంల కొట్టు. కుర్రతనంలో మద్రాసులో ఆరేళ్ళు పియానోలు బాగుచేసే పని నేర్చుకున్నాను. కాబట్టి రెండు ఉత్తరాలూ నాకు తగినవే. ఏ ఉత్తరానికి బయలుదేరుతున్నానో తేల్చుకోకుండానే గురువారం తెల్లవారి ఆరు గంటల పది నిమిషాలకు గుంటూరులో రైలెక్కాను.

ఏడుంబావుకు తెనాలి. మద్రాసు వైపు వెళ్ళే పాసింజరు గంట ఆలస్యమని చెప్పారు. ఆ గంటా ఇడ్లీకి, రెండు కాఫీలకు సరిపోయింది. నయాపైసలు వచ్చిన కొత్త కావడంతో, చిల్లర దగ్గర హోటలాయనకూ నాకూ లెక్క కుదరలేదు. ఇద్దరం నష్టపోయామనే అనుకుంటూ విడిపోయాం.

రైల్లో నా ఎదురుగా చీరాల నేతగాడొకాయన చీరల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా తోలు సంచీ చూసి, “డాక్టరుగారా అండీ?” అన్నాడు.

“పియానోలకు” అన్నాను.

పియానో అంటే ఏమిటో చెప్పడానికి బాపట్ల దాకా పట్టింది. మెట్టు ఈ కొసన నొక్కితే ఆ కొస లేస్తుందనీ, అది సుత్తిని తోస్తుందనీ, సుత్తి తీగను కొడుతుందనీ చేతులతో చూపించాను. ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

“అంతేనా! మా మగ్గానికీ తొక్కుడు బరువైతే ఎదురు బరువు కడతామండీ. కాలు నొప్పెట్టదు. మీరూ కట్టండి.”

మద్రాసులో మా మేస్త్రీ మెట్లకు వేలు నొక్కే కొసల్లో సీసం దిగేసేవాడు. ఆ సంగతి నాకు పూర్తిగా మరుపున పడింది. చీరాలలో ఆయన దిగిపోయాక కూడా కాసేపు నా మీద నాకే చిరాకేసింది.

పదకొండున్నరకు ఒంగోలు. బస్సు ఒంటిగంటకు. భోజనం త్వరగా ముగించి, వలల సామాను అమ్మే కొట్టు వెతికి, వలలకు కట్టే సీసపు గుండ్లు అడిగాను. కొట్టాయన దగ్గర ఉన్నవే నలభై.

“ఏ రేవుకండీ?” అన్నాడు.

“కనిగిరికి.”

“కనిగిరిలో సముద్రం ఎప్పుడొచ్చిందండీ!” అని పక్క కొట్టువాళ్ళనీ పిలిచి మరీ నవ్వాడు.

పొదిలిలో టీ తాగి, కనిగిరిలో దిగేసరికి అయిదు కావస్తోంది. బస్సు దగ్గరికి ప్రసాదరావుగారే వచ్చారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. నా సంచీ అందుకుంటూ, “ఒక్క చూపు చాలు మీకు. రేపు పొద్దున్న బస్సుకే వెళ్ళిపోవచ్చు” అన్నారు. బస మాత్రం బడిలో ఒక గదిలో ఏర్పాటు చేశారు. జొన్నరొట్టె, వంకాయ పులుసు కరుణమ్మగారింటి నుంచి వచ్చాయి.

శుక్రవారం పొద్దున పియానో ముందు తలుపు విప్పాను. లోపల ఎలుక గూడు! పొలాల నుంచి తెచ్చిన పత్తి, పాటల కాగితాల ముక్కలు, నాలుగు ఎండుమిరపకాయలు. కరుణమ్మగారు కాగితం ముక్కలు ఏరి చూసి, “మూడో చరణం ఎక్కడికి పోయిందా అనుకున్నాను” అన్నారు. యాభై అయిదేళ్ళ మనిషి, సన్నగా, చురుగ్గా ఉంటారు. వేళ్ళ కణుపులు మాత్రం వాచి ఉన్నాయి.

మెట్టు ఎంత బరువో తూచాలి. మెట్టు కొసన తూకపు రాళ్ళు పెట్టుకుంటూ పోతే, ఏ బరువుకు దిగుతుందో అదే లెక్క. అందుకు చిన్న రాళ్ళు కంసాలి సుబ్బాచారిగారి దగ్గరే ఉన్నాయన్నారు. ఆయన్ను అడిగితే, “నా రాళ్ళు ఒంటరిగా గుమ్మం దాటవండీ. నేనొస్తేనే అవీ వస్తాయి” అని తానే వచ్చి కూర్చున్నాడు.

ఎనిమిది తులాలు పెడితేగానీ మెట్టు దిగలేదు. మంచి పియానోకు నాలుగున్నర చాలు.

“ఎనిమిదా!” అన్నాడు సుబ్బాచారి. “స్వరానికొక గొలుసు ఎత్తుతున్నట్టేగా తల్లీ!”

కరుణమ్మగారు కుడిచెయ్యి కొంగులోకి లాక్కున్నారు. ఏ ఉత్తరానికి వచ్చానో నాకు అప్పుడు తేలింది.

కారణాలు ఒకటొకటే బయటపడ్డాయి. వెనకటికెవరో బాగుచేసినాయన లోపల స్ప్రింగులు మరీ గట్టివి వేశాడు. మెట్లు కదిలే రంధ్రాల్లోని ఉన్నిగుడ్డ ఉబ్బి బిగిసింది. స్ప్రింగులు కొద్దికొద్దిగా వంచి మెత్తబరిచాను. ఉన్నిని అదిమి, రంధ్రాల్లో దిగే మేకులు తోమి, పెన్సిలు ముల్లు పొడి రాశాను. బరువు ఆరు తులాలకు దిగింది. అక్కడ ఆగిపోయింది.

శనివారం సీసం పని మొదలుపెట్టాను. మెట్టుకు వేలు నొక్కే కొసన పక్కనుంచి రంధ్రం తొలిచి, గుండు దిగేసి కొట్టడం. ఆత్రం కొద్దీ ఒక మెట్టుకు రెండు దిగేశాను. నొక్కిన మెట్టు మళ్ళీ పైకి రానంది. “ఇది నిద్రపోయిందండీ” అన్నాడు సుబ్బాచారి. ఒకటి పీకేశాక లేచింది. తర్వాత ఆయనే రాళ్ళు పెడుతూ, “నాలుగున్నర! తర్వాతది!” అని కేకేయసాగాడు. ఆ రోజు తన కొట్టు తెరవనే లేదు.

నలభై గుండ్లకు నడిమి నలభై మెట్లు కుదిరాయి. అటూ ఇటూ ఉన్నవి అలాగే మిగిలిపోయాయి.

“పర్లేదండీ. అంత కిందికీ అంత పైకీ మా పాటలు వెళ్ళవు” అన్నారు కరుణమ్మగారు.

సాయంత్రం ప్రసాదరావుగారు వచ్చి, నా ముఖం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఆదివారం తొమ్మిదింటికి గుడి నిండింది. కరుణమ్మగారు కూర్చుని మొదటి పాట ఎత్తుకున్నారు. రెండు వరుసలు బాగానే సాగాయి. తర్వాత పియానో ముందుకు పోయింది, జనం వెనకబడ్డారు. ఏళ్ళ తరబడి బరువు మెట్లతో ఆవిడ మెల్లిగా వాయిస్తూ వస్తే, పాట నడక అదేనని ఊరంతా అలవాటుపడింది. ఇప్పుడు ఆవిడ చరణం ముగించి తలెత్తేసరికి, సంఘం ఇంకా దాని మధ్యలో ఉంది. ప్రసాదరావుగారి గొంతు అందరికంటే వెనక, ఒంటరిగా, కొండెక్కుతున్నట్టు వస్తోంది. నాలుగో చరణానికి ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం ఆగలేదు.

ప్రార్థన ముగిశాక ప్రసాదరావుగారు నన్ను పక్కకు పిలిచారు.

“అంతా బాగుందండీ. కాస్త... కొంచెం బరువు చేయడానికి వీలుంటుందా?”

అంతలోనే కరుణమ్మగారు వచ్చేశారు.

“ఇన్నాళ్ళూ మీకోసం నెమ్మదిగా వాయిస్తున్నానని అనుకున్నారా పెద్దయ్యగారూ? నాకు చేతకాక వాయించానండీ. ఇక మీరే కాస్త పరుగెత్తాలి.”

ఆయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఉన్నట్టుండి పెద్దగా నవ్వారు. “సరే, బుధవారం నుంచి పాటల సాధన పెడదాం. హార్మోనియం సంగతి మర్చిపోండి మేస్త్రీగారూ” అన్నారు. మర్చిపోవడం నాకు కాస్త కష్టమే అయింది. కానీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతుంటే నవ్వక తప్పలేదు.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు కరుణమ్మగారు సాగనంపడానికి వచ్చారు. పెరుగన్నం పొట్లం ఇస్తూ, “వయసు మీద పడింది, ఇక చాలించాలి అనుకున్నానండీ. పోయిన నెల పెద్దయ్యగారికి ఆ మాట చెప్పేశాను కూడా” అన్నారు. బస్సు కదలడంతో చెయ్యి ఊపారు.

కనిగిరి వెళ్ళదలచినవారు ఒంగోల్లోనే భోజనం చేసి ఎక్కడం మంచిది. దారి బాగా దుమ్ము, పొదిలి టీలో అల్లం బాగుంటుంది. పాటలు వినాలంటే ఆదివారం తొమ్మిదికి ముందే చేరుకోవాలి. అక్కడిప్పుడు పెందలాడే ముగిసిపోతాయి.

పొద్దు వాలుతుండగా బస్సు ఒంగోలు వైపు దిగుతోంది. ఆవిడకు వయసు మీద పడిందని ఊరు నమ్మింది, ఆవిడా నమ్మింది. గట్టి స్ప్రింగులు వేసినాయన పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంకా ఎందరు ఇలా తమ చేతులనే తప్పుపట్టుకుంటూ కూర్చున్నారో అనుకుంటూ పొట్లం విప్పాను.