స్టెల్లా అంటే నక్షత్రం

ఆ రోజుల్లో నాకు జీతం కన్నా పేరు ముఖ్యం. పేరంటే కీర్తి కాదు, అచ్చంగా నా పేరే. జమ్మలమడుగులో ఆసుపత్రి కాంపౌండరుగా పనిచేసే మా నాన్న, అక్కడి డాక్టరు దొరసాని చెప్పగా నాకు స్టెల్లా అని పెట్టుకున్నాడు. లాటిన్‌లో నక్షత్రమని అర్థం. ఒకటైతే స్టెల్లా, ఎక్కువుంటే స్టెల్లే. (నాన్నకు వచ్చిన లాటిన్ ఆ రెండు మాటలే. నాకూ అంతే.)

పంతొమ్మిదేళ్లకు పులివెందుల ఆడపిల్లల బడిలో తొలి ఉద్యోగం దొరికింది, అదీ తాత్కాలికం. చేరిన రోజే ముసలి ఆయా నా పేరు రెండుసార్లు అడిగి, "ఇస్తరాకమ్మంట, కొత్త టీచరు వచ్చిండాది" అని బడంతా చెప్పి వచ్చింది. వారం తిరక్కుండా పిల్లలకూ నేను ఇస్తరాకు టీచరునయ్యాను. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక, లెక్కల గంట పక్కనబెట్టి మూడో తరగతికి లాటిన్ మొదలుపెట్టాను. నల్లబల్ల మీద ఒక చుక్క వేసి స్టెల్లా, పది వేసి స్టెల్లే అని వల్లె వేయించాను. ఎక్కాల కన్నా ఇష్టంగా నేర్చుకున్నారు.

మరుసటి వారమే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన రాసేదాన్ని బట్టే నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ. "చీకటి పడితే ఆకాశంలో ఏం కనపడతాయమ్మా?" అని తేలికైన ప్రశ్నే అడిగాడు. "స్టెల్లే సార్" అని తరగతంతా ఒక్క గొంతుతో పలికింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదేం మాట?"

ముందు వరుస పిల్ల లేచింది. "మా టీచరు పేరు సార్. ఒగరుంటే స్టెల్లా, శానామంది ఉంటే స్టెల్లే."

"మీ టీచర్లు శానామంది ఆకాశంలో కనపడతాండారా?"

"కనపడతాండారు సార్" అంది నమ్మకంగా.

హెడ్‌మిస్ట్రెస్ నా వైపు గుర్రుగా చూసింది. ఇక దాచి లాభం లేదని ఇస్తరాకు సంగతి మొదలుకొని అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "నన్ను ఒక్కో బడిలో ఏమని పిలుస్తారో నాకు తెలుసమ్మా. నేనెప్పుడూ లాటిన్ దాకా పోలేదు" అన్నాడు. తర్వాత బడి తనిఖీ పుస్తకంలో, 'ఈమె చెప్పినది పిల్లలకు గుర్తుంటున్నది. ముందు తెలుగు చెప్పవలెను' అని రాశాడు. ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం ఆయా, "చుక్క అని ముందే చెప్పింటే నోరు తిరిగేది కదమ్మా" అని నన్నే తప్పుపట్టింది. అప్పటినుంచి చుక్కమ్మ టీచరునే.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను. వీధిలో ఎవరైనా చుక్కమ్మా అంటే చప్పున తిరుగుతాను. స్టెల్లా అంటే మాత్రం ఇంకెవరినో అనుకుని రెండడుగులు వేసి ఆగుతాను. లెక్కలు మానేసి, సుద్దముక్క పట్టుకుని తన పేరు కోసం పోట్లాడిన ఆ పిల్ల మీద నాకిప్పుడు కోపం రాదు. నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తుంది కూడా.