పదో అంచు

మా పిన్ని డబ్బును డబ్బుగా చూడగా నేనెరగను. వీధి చివర ఇరుకు గదిలో, కిటికీ పక్కన మిషను మీద, కొత్త ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం ఆవిడ పని. అందుకని లోకంలో ప్రతిదాని ధరా ఆవిడకు అంచుల్లోనే. కుక్కరంటే నలభై అంచులు. నా కాలేజీ ఫీజు వినగానే, "అమ్మో, ఊళ్లో అందరికీ నాలుగేసి కాళ్లుండాలి!" అని గుండెలు బాదుకుంది.

అలాంటి మనిషికి దీవి పిచ్చి పట్టింది. బాబాయి సిటీబస్సు డ్రైవరు. ఆ బస్సు వెనక ఎక్కడిదో దూరపు దీవి బొమ్మ అతికించారు. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక. రోజూ పొద్దున్నే బస్సు మలుపు తిరిగేదాకా పిన్ని గుమ్మంలో నిలబడి చూసేది. ముందు కూర్చునే బాబాయికి మాత్రం అది కనిపించేదే కాదు.

"దీవిని ఊరంతా తిప్పుతారు, మీరు మాత్రం చూడరు. వెళ్తే ఇద్దరం వెళ్దాం. ఒక్కదాన్నే అయితే నాకొద్దు," అంది.

ఇక లెక్కలు మొదలు. రైలుకు ఇన్ని అంచులు, పడవకు ఇన్ని, గదికి ఇన్ని. మూడేళ్లు నడుం విరిగేలా కుట్టింది. సినిమాలు బంద్. బాబాయి బయట టీ కూడా బంద్. ఆయన గొణిగాడు గానీ మానేశాడు.

తీరా పడవ టికెట్ల ఆఫీసుకు ముగ్గురం వెళ్తే, ధర పెంచేశారు. కంగారులో పిన్ని కౌంటర్లోకి తలపెట్టి, "ఇద్దరికీ కలిపి ఎన్ని అంచులు బాబూ?" అని అడిగేసింది. గుమాస్తా తెల్లమొహం వేశాడు. నాకు నవ్వాగలేదు.

బాబాయి నవ్వలేదు. "ఉన్నది ఒక్కరికే వస్తుంది. నువ్వెళ్లిరా. నాకెలాగూ డ్యూటీ ఉందిగా," అన్నాడు. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏవండీ, మీ పొట్ట ఏటేటా పెరుగుతోంది. నేను కుట్టిన ప్యాంటు ఒక్కటైనా బిగుతై పారేశారా?"

"లేదు. లోపల గుడ్డ వదిలి కుడతావుగా. విప్పి వదులు చేస్తావు."

"మరి ఇంత ప్రయాణానికి లోపల గుడ్డ వదలకుండా ఉంటాననుకున్నారా?"

సంచి అడుగు నుంచి ఇంకో మూట తీసింది. మూడేళ్లుగా కుట్టిన ప్రతి పది అంచుల్లో ఒకదాన్ని ఆవిడ లెక్కలోకే రానివ్వలేదట! రెండు టికెట్లూ కొన్నాక ఇంకా మిగిలింది. బాబాయి అక్కడే, అందరిముందూ, పిన్ని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తర్వాతి సంగతి ఆయన చెప్పిందే. చెప్పినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతుంది. దీవిలో పడవ దిగి నీళ్లలోకి నడవబోతూ, అలవాటుగా ప్యాంటు పైకి మడవబోయాడట. వాన చినుకు పడితే చాలు, "అంచులు జాగ్రత్త!" అని ఇన్నేళ్లూ అరిచిన పిన్నే ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"తడవనివ్వండి. మనల్ని ఇంతదూరం తీసుకొచ్చింది అవేగా."