మల్లవ్వ నోట్ల ‘అండీ’

2010. తెలంగాణ కోసం ఊరూర టెంట్లు వేసి దీక్షలకు కూసున్న రోజులు. నేను జనగామల ఉంటున్న. మా ఆయనది బట్టల దుకాణం. దుకాణం మీది అర్రల కూసోని నేను రాసుకునేదాన్ని. ఇరవై ఏండ్ల సంది కథలు రాస్తున్న గని, నవల అచ్చయింది అప్పుడే మొదటిసారి. ఆ నవల సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు కోపమొస్తది. అయినా చెప్త. రాసుడు ఎట్లుంటదో తెలుసుకోవాలనుకునేటోళ్ళకు ఇది తెల్వాలె.

నవల మల్లవ్వ అనే ఒక ఒంటరి ఆడమనిషి కథ. దొర మనిషి భూమి రాసియ్యమని కాగితం పట్టుకొచ్చి ఏలిముద్ర వెయ్యమంటే, వెయ్యనని తన మెట్ట చెలకల కూసున్నామె. మూడేండ్లు రాసిన. హైదరాబాదుల ఒక ప్రచురణకర్త వేస్తనన్నడు. కొన్ని నెలలకు ప్రూఫులు వచ్చినయి. ప్రూఫులంటే అచ్చుకు పోయే ముందు రచయిత చూసి, తప్పులు దిద్ది, సంతకం పెట్టి వాపసు పంపే కాగితాలు. విప్పి చూస్తే మల్లవ్వ మాటలన్నీ మారిపోయి ఉన్నయి. ‘పోయినం’ పోయి ‘వెళ్ళాము’ వచ్చింది. ‘ఏంది’ పోయి ‘ఏమిటి’ వచ్చింది.

ఎడిటర్‌కు ఫోన్ చేసిన. ఎడిటర్ అంటే రాతప్రతిని సాపు చేసే మనిషి. నెమ్మదిగ మాట్లాడేటోడు. అన్ని జిల్లాలోళ్ళకు అర్థం కావాలె గదా అన్నడు. కథ మీదే, భాష కొంచెం సులువు చేసినం, అంతే అన్నడు. ఒప్పుకోకుంటే పుస్తకం ఈ ఏడు రాదని గూడ అన్నడు. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయిన. మూడో రోజు, మిగిలిన పేజీలు సగం చదివి సగం తిరగేసి, సంతకం పెట్టి పంపిన. నలభై ఆరేండ్ల వయసుల అట్ట మీద నా పేరు చూసుకోవాలనే ఆశ ఉండె. అంతకంటె పెద్ద కారణమేం లేదు.

పుస్తకం వచ్చింది. పేపర్ల మంచిగ రాసిండ్రు. దీక్షా శిబిరాలకు నన్ను మాట్లాడ పిలుస్తుండిరి. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అంతా ఒక్కటే వరంగల్ జిల్లా. బస్సు దొరికితే బస్సు, లేకుంటే ఎవరిదన్న జీపు. ఒక పొద్దు చిట్యాలకు పోయిన. టెంటు కింద రెండు వందల మందిదాక ఉన్నరు. సినిమాలల్ల మన భాషను రౌడీకి, జోకర్‌కు పెట్టి ఇన్నేండ్లు నవ్వుకున్నరని మైకుల గట్టిగ మాట్లాడిన. మస్తు చప్పట్లు పడ్డయి.

దిగంగనే ఒకామె వచ్చి కలిసింది. పేరు పద్మ. ఆ పక్క ఊర్లె అంగన్‌వాడీ టీచర్. చేతుల నా నవల. వాళ్ళ అత్త లచ్చవ్వకు చదువు రాదట. మధ్యాహ్నంపూట ఈమె చదువుతుంటే ఆమె వింటదట. పుస్తకం రెండుసార్లు పూర్తయిందట. అత్త నన్ను ఒక మాట అడగాలంటున్నది, జర ఇంటిదాక రమ్మన్నది. నా మనసు పొంగింది. రెండుసార్లు విన్న మనిషి మెచ్చుకోక ఏం చేస్తదనుకున్న.

లచ్చవ్వకు డెబ్బై దాటి ఉంటయి. అరుగు మీద కూసోని పత్తికాయలు ఒలుస్తున్నది. నన్ను కూసోమని, నీళ్ళిచ్చినంక మెల్లగ అడిగింది.

“గీ మల్లవ్వది ఏ ఊరు బిడ్డా?”

మా జనగామ దిక్కే అని చెప్పిన.

“మరి గట్ల మాట్లాడుతదేంది?”

పద్మ మూల మడిచి పెట్టుకున్న పేజీ తీసి చదివింది. దొర మనిషి మల్లవ్వను చెలకల నుంచి లేవమనే ఘట్టం. నేను రాసింది ఇది: ‘నా భూమిల నేనున్న. నన్ను పొమ్మన నువ్వెవ్వనివి?’ అచ్చులున్నది ఇది: ‘ఇది నా పొలమండీ. దయచేసి నన్ను వెళ్ళమనకండి.’

చదువుతుంటే విన్న. ప్రూఫులల్ల కండ్లతోని చూసినప్పుడు నాకు తగలలేదు. ఆ అరుగు మీద చెవుల పడంగనే ఒళ్ళు మండింది.

“గిది అడుక్కునుడు బిడ్డా,” అన్నది లచ్చవ్వ. “నేను వయసుల ఉన్నప్పుడు దొరోళ్ళ మనిషి నా మీదికి గూడ వచ్చిండు. నేను గిట్ల అనలే.”

పద్మ ఇంకొకటి చెప్పింది. కోపంగ కాదు, క్లాసుల పిల్లలకు చెప్పినట్టు నిమ్మలంగ చెప్పింది.

“అక్కా, గీ పుస్తకంల మన తీరుగ మాట్లాడేటోళ్ళు ఇద్దరే ఉన్నరు. తాగుబోతు సాయిలు, కోళ్ళ దొంగ. గిప్పుడే మైకుల సినిమాలోళ్ళను తిట్టిండ్రు గదా మీరు.”

నేను తిరగేసిన పేజీలల్ల సంగతి అది. నాకప్పటిదాక తెల్వనే తెల్వదు. అదంతా హైదరాబాదుల ఎడిటర్ చేసిండని చెప్పిన.

“నీకు సూపియ్యకుండనే అచ్చేసిండ్రా?” అని అడిగింది లచ్చవ్వ.

అబద్ధమాడబుద్ధి కాలే. చూపించిండ్రు, సంతకం పెట్టిన అన్న.

లచ్చవ్వ చేతుల కాయ కింద పెట్టింది. “మల్లవ్వ ఏలిముద్ర ఎయ్యకపాయె. నువ్వు సంతకం పెడితివి,” అన్నది. ఛాయ్ తాగి పొమ్మన్నది.

తెల్లారే రైలెక్కి హైదరాబాదు పోయిన. ఎడిటర్ నన్ను చూసి మర్యాదగ లేచి నిలబడ్డడు. తాగుబోతు మాటలు, దొంగ మాటలు ఎందుకు మార్చలేదని అడిగిన.

“అక్కడ సహజంగా ఉన్నాయండీ,” అన్నడు. “నవ్వు కూడా వస్తుంది.”

ఆ మాట ఆయన చెడ్డతనంతోని అనలే. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. అది తప్పని గూడ ఆయనకు అనిపించలే. అందరికీ అర్థం కావాలన్నరు గదా, ఆ అందరిల చిట్యాల కాడి లచ్చవ్వ ఉన్నదా అని అడిగిన. ఉద్యమం వేడిల ఉన్నరు మీరు, చల్లబడ్డంక మాట్లాడుకుందామన్నడు. చల్లబడలే. పుస్తకం హక్కులు వాపసు ఇయ్యమని అక్కడనే కూసోని రాసిచ్చిన. వాళ్ళు ఇచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర నేను ఏ శిబిరంల మైకు పట్టలే. పట్టుకునే మొఖం లేకుండె.

హక్కులు చేతికొచ్చినంక నా రాతప్రతి పట్టుకోని మళ్ళ లచ్చవ్వ ఇంటికి పోయిన. నాలుగు మధ్యాహ్నాలు ఆ అరుగు మీదనే. పద్మ చదివింది, లచ్చవ్వ విన్నది. నేను రాసిందంతా ఒప్పే అని గర్వంగ పోయిన గని, ఆమె నన్ను గూడ ఇడువలే. ‘నన్ను పొమ్మన నువ్వెవ్వనివి’ కాడ చెయ్యి అడ్డం పెట్టింది.

“కోపమొచ్చినోళ్ళు గంత మాట్లాడరు. ‘పోరా’ అంటది. గంతే.”

మూడేండ్లు నేను దిద్దుకున్న వాక్యం. కొట్టేసి ఒక్క మాట రాసిన. ఆమె చెప్పిందే నిజం. నేను మల్లవ్వను చదువుకున్నోళ్ళ ముందట నిలబెట్టి ఉపన్యాసమిప్పిచ్చిన. ఎడిటర్ చేసింది పెద్ద తప్పయితే, అదే దారిల నాది చిన్న తప్పు.

మానుకోటల ఒక చిన్న ప్రెస్సుల కొత్త ప్రతి అచ్చేయించిన. ఈసారి ప్రూఫులు ప్రతి పేజీ పైకి చదువుకుంట దిద్దిన. అప్పటిసంది ఏ పుస్తకమైనా ఒకరికి చదివి వినిపించకుండ అచ్చుకు పంపలే. కండ్లు దాటిపొయ్యే అబద్ధాన్ని చెవులు పట్టుకుంటయి.

నవలను మెచ్చుకున్నోళ్ళు శానమంది. వాళ్ళ పేర్లు ఇప్పుడు యాదికి లేవు. పుస్తకాన్ని సొంతమనుకున్నోళ్ళే దాని మీద కొట్లాడుతరని లచ్చవ్వ కాడ తెలిసింది. రచయితకు అసలు చదువరి ఆమెనే.

రాష్ట్రం వచ్చినంక ఆ ఎడిటరే ఫోన్ చేసిండు. బాగా తెలంగాణ యాసలో ఒక నవల ఇవ్వండి, ఇప్పుడు పాఠకులు మారారండీ అన్నడు.

“పాఠకులు మారలే సార్,” అన్న. “వాళ్ళు ముందటి సంది అక్కడనే ఉన్నరు. మీరు చూడలే. నేను గూడ చూడలే.”