జల్లెడ పైన మిగిలింది

ఆమె అసలు పేరు పిండిమిల్లు హాజరుపట్టీలో ఉంటుంది కాబోలు, వీధిలో మాత్రం అందరికీ జల్లెడమ్మే. ఇరవై ఆరేళ్లుగా మిల్లులో జల్లెడ దగ్గర నిలబడి పిండిలోంచి రాళ్లూ, మేకులూ, పురికొస ముక్కలూ ఏరుతోంది. ఒకసారి విరిగిన బ్లేడు కూడా దొరికింది. అప్పటినుంచి ఆమె దేన్నీ నమ్మదు. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడంటుంది.

అలాంటి మనిషి చేతికి ఏడు నెలల మనవడి తిండి వచ్చిపడింది. కొడుకు బస్సు నడుపుతాడు. కోడలు బట్టల కొట్లో ఉద్యోగానికి మళ్లీ వెళుతోంది. జల్లెడమ్మ మిల్లు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. అంతవరకూ పిల్లాడు కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర ఉంటాడు. డబ్బాల్లో అమ్మే పిల్లల తిండి కొందామని కోడలు అంటే, అందులో ఏం కలిపారో నువ్వు చూశావా అని అత్తగారు అడిగింది. చూడలేదు కనుక ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

తెల్లవారుతూనే క్యారెట్లూ బఠాణీలూ మెత్తగా ఉడికించి, మెదిపి, రెండుసార్లు జల్లెడ పట్టి, మూడోసారి పలుచటి గుడ్డలో వడగట్టేది. జల్లెడ పైన మిగిలింది చెత్త. అది మిల్లు నేర్పిన పాఠం, దానికి తిరుగులేదు. ఆ చెత్తను కిటికీలోంచి ఇంటివాళ్ల కోడికి విసిరేది. కిందికి దిగినదాన్ని స్టీలు గిన్నెలో పోసి, మూత కదలకుండా దారం కట్టి, బస్తా మూతికి వేసే ముడి వేసి, కింది వాటాలో అప్పగించి పనికి వెళ్లేది. కోడి మాత్రం రోజురోజుకీ నిగనిగలాడుతోంది. ఇంటివాళ్లు దానికి ఏం పెడుతున్నారో అని జల్లెడమ్మకు దాని మీద కూడా అనుమానమే.

నెల తిరిగేసరికి ఆసుపత్రిలో నర్సు పిల్లాణ్ణి తూచి, పిసరంత కూడా పెరగలేదంది. రెండు వారాలాగి మళ్లీ తీసుకురమ్మంది. అప్పటికీ పెరగకపోతే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటానని కోడలు అంది. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల ఎన్ని గడపలు ఎక్కి దిగిందో అత్తగారికి తెలుసు. పై వాటాలో తిండంతా శుభ్రంగా తయారవుతోంది, పిల్లాడి ఒంటికి మాత్రం చేరడం లేదు. మధ్యలో ఉన్నది ఒక్క మనిషే. ఇంటికి తిరిగొచ్చి మెట్లెక్కేలోపే జల్లెడమ్మకు దొంగ దొరికేసింది.

రుజువులు కూడా వాటంతటవే వచ్చాయి. గిన్నె రోజూ తళతళలాడేలా తోమి తిరిగొస్తోంది. తప్పు చేయని మనిషికి అంతగా తోమాల్సిన పనేమిటి? బాబు అంతా తిన్నాడా అని అడిగితే, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చూపు కుట్టుమిషను మీదికి తిప్పుకుంది. పదోరోజున మూత అంచున ఎండిపోయిన బంగాళదుంప మరక కనబడింది. జల్లెడమ్మ బంగాళదుంప ఎన్నడూ పంపలేదు. మరకను గోటితో గీకి, వాసన చూసి, కాగితంలో పొట్లం కట్టి దాచింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆయన పిండిమిల్లులో పనిచేసినవాడు కాదు.

మర్నాడు పంటినొప్పని చెప్పి పదకొండింటికే మిల్లులోంచి బయటపడింది. చెప్పులు చేత్తో పట్టుకుని కింది వాటా గుమ్మంలో నిలబడింది. కుట్టుమిషను పక్కన తన గిన్నె తెరిచి ఉంది. ఆవిడ ఉడికిన దుంపను చెంచాతో మెదిపి అందులో కలుపుతోంది. ఎదురుగా పిల్లాడు నేల మీద అరచేతులు బాదుతూ నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"ఏం పెడుతున్నావు వాడికి?"

ఆవిడ ఉలిక్కిపడింది గానీ చెంచా దించలేదు. "తిండే, పిన్నిగారూ. మీరు పంపేది తాగిన అరగంటకే ఆకలికి ఏడుస్తున్నాడు. పోయినసారి తూకం సంగతి విన్నాక నాకు మనసొప్పలేదు."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే నమ్మేవారా?"

జల్లెడమ్మ చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వచ్చింది. మూతలో ఇంకా కలపకుండా మిగిలిన తన వంటను చెంచాతో ఎత్తి ఒంపి చూసింది. రంగునీళ్లలా జారిపోయింది. కిటికీ బయట ఇంటివాళ్ల కోడి గోడ ఎక్కబోయి, ఒళ్లు బరువై, మళ్లీ కిందికి దిగింది. పిండిలో ఆవగింజంత రాయిని పట్టుకునే కళ్లకు ఇన్నాళ్లూ ఆ కోడి ఎందుకు బలుస్తోందో కనబడలేదు. ఆమె సిగ్గుతో తల దించుకుని, కుట్టాల్సిన బట్టల మూట మీదే కూలబడింది. పిల్లాడు మాత్రం ఇంకో చెంచా కోసం నోరు తెరిచాడు.

రెండో తూకంలో పావుకిలో పెరిగాడు. ఏం పెడుతున్నారని నర్సు అడిగితే కోడలు గర్వంగా అత్తగారి వైపు చూసింది. అది కింది వాటా ఆవిడను అడగాలని జల్లెడమ్మ నేల చూస్తూ చెప్పింది.

మర్నాడు పొద్దున క్యారెట్టూ దుంపా ఉడికించి మెదిపింది. చెయ్యి రెండుసార్లు జల్లెడ మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. గిన్నెకు దారం కట్టకుండా కిందికి తీసుకెళ్లింది.

"వేలితో నలిపి చూడమ్మాయ్, గట్టి ముక్కేదైనా ఉందేమో. నా చేతి మీద నాకే నమ్మకం లేదు."

ఆవిడ నలిపి చూసి, బాగుందంది. జల్లెడమ్మ రెండోసారి అడగలేదు.