ఏడో ఎక్కం... అందరి గొంతుతో

పక్కన గడ్డిలో రసాలు మాగుతుంటే, ఆ తియ్యటి వాసనలో ఎక్కాలు వల్లెవేసిన చిన్నతనం మాది... నూజివీడు దగ్గర మా ఊళ్ళో అప్పట్లో ట్యూషన్ అనేవాళ్ళు కాదు, 'ప్రైవేటు' అనేవాళ్ళు. ఎండ కాస్త చల్లబడగానే పలక సంచీ భుజాన వేసుకుని రత్నం టీచరుగారింటికి పరుగు తీసేవాళ్ళం.

ఆవిడ ఇంటి ముందు తాటాకు పందిరి. ఒక పక్క మాగేసిన మామిడికాయలు, ఇంకో పక్క మేము. చిన్న తరగతుల వాళ్ళం ముందు, పెద్దవాళ్ళు వెనక. చివర్లో అందరం లేచి నిలబడి ఒకే రాగంలో ఎక్కాలు చెప్పాలి. వీధి చివరనున్న మా ఇంటికి కూడా వినపడేది. "ఏడో ఎక్కం మొదలెట్టారు, పొయ్యి అంటించండే" అనేది మా నాయనమ్మ. గడియారంతో పనుండేది కాదు...

నాకు నత్తి. పేరు చెప్పమంటే 'ప' దగ్గరే ఆగిపోయేదాన్ని. మా పెదనాన్నగారి అమ్మాయి విజయక్క నాకంటే ఒక తరగతి పెద్ద. "మన పద్మ మాట చాట్రాయి బస్సు లాంటిదిరోయ్... నలుగురూ దిగి తోస్తేగానీ స్టార్ట్ అవ్వదు!" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని... నవ్వడానికి నత్తి అడ్డురాదు కదా.

నేను మూడో తరగతిలో ఉండగా వేసవి సెలవుల ముందు బళ్ళో మాస్టారు నాన్నని పిలిపించారు. "బడి తెరిచాక నిలబెట్టి ఎక్కాలు అడుగుతానండీ. నోరు విప్పి చెబితే నాలుగో తరగతి. లేదంటే మళ్ళీ మూడే" అన్నారు. ఆ పూట నాన్న కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి లేచిపోయారు. నా తోటివాళ్ళంతా పైకెళ్ళిపోతారు, నేను చిన్నపిల్లల వరసలో మిగిలిపోతాను... ఆ సెలవుల్లో నాకు మామిడిపండు కూడా సహించలేదు.

అమ్మ వెళ్ళి రత్నం టీచరుగారి దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. ఆవిడ ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఎవరి గొంతు ఎక్కడ తప్పిందో వంటింట్లోంచే చెప్పేసేవారు. అమ్మతో ఆవిడ అన్న మాట ఒకటే... "అందరితో కలిసి చెప్పేటప్పుడు మీ పద్మకి నత్తి రాదమ్మా. మీరెప్పుడూ వినలేదా?"

మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. అంతెందుకు... నాకే తెలియదు.

మర్నాడు సాయంత్రం నన్ను అందరితో కలిసే, కానీ కళ్ళు మూసుకుని చెప్పమన్నారు. ఏడో ఎక్కం. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు... హాయిగా సాగిపోతున్నాను. ఎక్కడో గొంతులు పలచబడినట్టనిపించింది. పట్టించుకోలేదు. ఏడార్లు నలభై రెండు దగ్గరికి వచ్చేసరికి పందిట్లో వినిపిస్తున్నది ఒకే ఒక్క గొంతు. అది నాదే!

కళ్ళు తెరిచాను. అందరూ నోళ్ళు మూసుకుని నన్నే చూస్తున్నారు. టీచరుగారు పెదవుల మీద వేలు పెట్టుకుని ఉన్నారు. అంతే, నాలుక బిగుసుకుపోయింది. ఏడేళ్ళు... ఏ... ఏ...

"ఏడేళ్ళు నలభై తొమ్మిది" అని వెనకనుంచి అందుకుంది ఎవరో కాదు, విజయక్క. ఆ వెంటనే అందరూ. మళ్ళీ ఆ గొంతుల మధ్యలోకి నేనూ జారుకున్నాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఇక రోజూ అదే పద్ధతి. టీచరుగారు చెయ్యి ఆడిస్తే ఒక్కొక్కరూ ఆగిపోయేవారు, నేను తడబడితే అందరూ తిరిగి వచ్చేవారు. గడ్డిలో కాయలు అయిపోయేసరికి ఎక్కం చివరిదాకా ఒంటరిగా వెళ్ళగలిగాను.

బడి తెరిచారు. అన్ని తరగతులకీ ఒకటే హాలు. మాస్టారు నిలబెట్టి "ఊఁ, ఏడో ఎక్కం" అన్నారు. 'ఏ... ఏ...' దగ్గరే ఆగిపోయాను. వెనక వరసలోంచి సన్నగా రాగం వినిపించింది... మాటలు లేవు, ఉత్త రాగమే. "ఎవరది?" అని మాస్టారు గద్దించేలోపే నేను ఎక్కం అందుకున్నాను. ఏడు పదులు డెబ్భై దాకా ఆగలేదు. విజయక్కకి మాత్రం ఆ పూటంతా గోడకుర్చీ!

నాలుగో తరగతిలో కూర్చున్నాను. నత్తి పూర్తిగా పోలేదు, కానీ భయం పోయింది. ఇప్పటికీ నెలాఖరున పాల లెక్క కూడేటప్పుడు ఆ రాగమే వస్తుంది నోట్లోకి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మా మనవరాలు హాసినికి ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టాం. వాళ్ళమ్మ హనుమాన్ జంక్షన్‌లో ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి ఫోను ఛార్జింగ్ చూసి, పోపుల డబ్బాకి ఆనించి పెట్టడం నా పని. అందులో పిల్లలందరూ చిన్న చిన్న గళ్ళలో, మ్యూట్‌లో. పేరు పిలిచినవాళ్ళు మాత్రమే మాట్లాడాలి. హాసినికి నత్తి లేదు. కానీ పేరు పిలవగానే బిగుసుకుపోతుంది.

మొన్న ఉండబట్టలేక పక్కనుంచి గొంతు కలిపాను.

"అమ్మమ్మగారూ, మీరు కాదండీ, పాపని చెప్పనివ్వండి" అంది టీచరమ్మాయి నవ్వుతూ.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయికి నా కథ చెప్పాను. పాపం, మర్నాడు అందరి మైకులూ తెరిపించి ఒకేసారి చెప్పమంది. ఒకరి 'పద్నాలుగు' ముందొచ్చింది, ఇంకొకరిది వెనకొచ్చింది... అంతా గోల. కలవలేదు.

అందుకని ఇప్పుడు ఫోనుకి కనపడకుండా కూర్చుని నేనే మొదలుపెడుతున్నాను, మెల్లమెల్లగా తగ్గిస్తున్నాను. నిన్న ఏడార్ల దగ్గర ఆగిపోయాను. హాసిని నావైపు ఒకసారి చూసి... ఆగకుండా వెళ్ళిపోయింది.

చింతలపూడిలో ఉన్న విజయక్కకి ఫోన్ చేసి చెబితే, "మీ ఇంట్లో బస్సులన్నిటికీ తోసేవాళ్ళు కావాల్సిందేనే!" అని ఒకటే నవ్వు.

పందిరీ లేదు, గడ్డీ లేదు... ఒక ఎక్కం వినపడి పొయ్యి అంటించుకునే వీధీ లేదు. మీరు ఆగిపోయిన చోట వెనక వరసలోంచి అందుకున్నవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... వాళ్ళ పేరు ఒక్కసారి కింద రాయండి. చదువుకుంటాను.